చాదర్ కప్పుకున్న ముసాఫిర్

ఈ వేసవి సెలవుల్లో మా ఇంటి హాల్లో ఒక ముసాఫిర్‌ని తాళ్ళతో కట్టేశారు. కట్టింది మా చిన్నోడు, మా తమ్ముడి పిల్లలిద్దరు, పక్కింటి అన్నాచెల్లెళ్ళు. కంగారు పడకండి, నిజం మనిషి కాదు, ఆటలో మనిషి. కానీ ఆ రాత్రి మా అమ్మాయి ఇషా నమాజ్ తర్వాత కూడా ముఖం ముడుచుకునే కూర్చుంది. దాని బాధ నిజమైనదే.

మా అమ్మాయి విశాఖలో ఇంజనీరింగ్ చదువుతోంది. హాస్టల్లో నేర్చుకొచ్చిన ఆట ఇది. పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారట. ఫోను అక్కర్లేదు, కాగితం, పెన్సిలు చాలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. ఒకడు కత్తి వీరుడు, ఒకతె వైద్యురాలు, ఇంకొకడు దొంగ. "ఎదురుగా పాత కోట, తలుపు కొద్దిగా తెరిచి ఉంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. మీరు ఏం చెబితే కథ అటు నడుస్తుంది.

విన్నంతసేపూ నాకు మా నానీమా గుర్తొచ్చింది. ఆవిడ చెప్పిన అమీర్ హమ్జా దాస్తాన్‌లో అమర్ అయ్యార్ అని ఒక గడుగ్గాయి ఉంటాడు. వాడి దగ్గర జంబీల్ అని ఒక సంచి, దాంట్లో ఊళ్ళకి ఊళ్ళే పడతాయి. గిలీమ్ అని ఒక కంబళి, కప్పుకుంటే ఎవరికీ కనబడడు. ఈ ఆటలో కూడా పైకి కనబడే దానికంటే ఎంతో ఎక్కువ పట్టే సంచి ఒకటుందని అమ్మాయి చెప్పినప్పుడు, "మీ అమెరికా వాళ్ళకంటే ముందే, 1883లోనే లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్ళు తిలిస్మ్-ఎ-హోష్రుబా అచ్చు వెయ్యడం మొదలెట్టారు బేటా, ఆ జంబీల్ అందులోనే ఉంది" అన్నాను కాస్త గొప్పగా. మొత్తానికి ఇది దాస్తాన్‌గోయీయే. వినేవాళ్ళకి కూడా నోరున్న దాస్తాన్.

ఒక చిక్కు మాత్రం మొదట్లోనే వచ్చింది. ఆటకి పాచికలు కావాలి. ఇరవై ముఖాల పాచిక కూడా ఉంది. అది చూడగానే మా ఆయన ముఖం మారింది. "పందెం లేదబ్బా, పైసా లేదు" అని అమ్మాయి ఎంత చెప్పినా, నర్దషీర్ గురించి సహీ ముస్లింలో ఉన్న హదీస్ ఆయనకి గుర్తుంది. పాచికల విషయంలో ఉలమాల మాట కఠినమే. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ఇంట్లో షక్ ఉన్న వస్తువు ఎందుకని పాచికలు బ్యాగులోకి వెళ్ళిపోయాయి, జీడిపప్పు డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా రాసిన చీటీలు వచ్చాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. ఆట ఆగలేదు, ఇంట్లో గొడవా రాలేదు, అల్‌హందులిల్లా.

ఇక కథ. ఈ ఆటలో సాహసం మొదలుపెట్టడానికి పాతబడిపోయిన ఉపాయం ఒకటుందట. సత్రంలో అందరూ కూర్చుని ఉంటారు, మూలన చీకట్లో ముసుగు కప్పుకున్న మనిషి ఒకడు ఒంటరిగా ఉంటాడు. వాడి దగ్గర రహస్యం ఉంటుంది. వీళ్ళు వెళ్ళి పలకరిస్తే పని చెబుతాడు, ప్రయాణం మొదలవుతుంది. 1954లో వచ్చిన టోల్కీన్ పుస్తకంలో బ్రీ అనే ఊరి సత్రంలో స్ట్రైడర్ అలాగే మూలన కూర్చుని ఉంటాడు. వాడే చివరికి రాజవంశం వాడని తేలుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ పొట్టి మనుషుల్ని తరుముకొచ్చే దుష్టులు కూడా నల్ల చాదర్లలోనే ఉంటారు. కాపాడేవాడిదీ వేటాడేవాడిదీ ఒకటే వేషం. పాపం ఆ పొట్టివాళ్ళకి ఎలా తెలుస్తుంది చెప్పండి!

వాళ్ళ సత్రం అంటే శరాబ్‌ఖానా. మా ఇంట్లో అది కుదరదన్నాను. అమ్మాయి మొదట దాన్ని సరాయి చేసింది, తర్వాత ఇంకా నయంగా కాశీబుగ్గ బస్టాండు పక్క టీ కొట్టు చేసింది. సాయంత్రం, వాన పడేలా ఉంది, కొట్టు మూల బల్ల మీద నల్ల చాదర్ కప్పుకున్న మనిషి, ముఖం కనబడదు, టీ చల్లారిపోతోంది. ఇంతవరకు గొంతు తగ్గించి బాగా చెప్పింది. "ఏం చేస్తారు?"

"మాయల ఫకీరు!" అని అరిచాడు మా చిన్నోడు.

"ముందు కట్టీసి, తర్వాత అడుగుదాం" అన్నాడు పక్కింటి కుర్రాడు.

చీటీ తీశారు, పద్దెనిమిది వచ్చింది. కట్టేశారు. జేబులు వెతికారు. నోట్లో గుడ్డ కూడా కుక్కారట, ఇక వాడు రహస్యం ఎలా చెబుతాడు? అమ్మాయి రెండు రోజులు కూర్చుని రాసుకున్న కథ పావుగంటలో ఖతం.

రాత్రి నా పక్కన చేరి, "అమ్మీ, ఒక్కళ్ళైనా పేరడగలేదు. ఎందుకు?" అంది.

నేను నవ్వాను మొదట. ఎందుకేమిటి, ఈ పిల్లలు విన్న కథలన్నిట్లో ముసుగు మనిషి మోసగాడే కదా. రావణుడు సన్యాసి వేషంలోనే వచ్చాడు. విక్రమార్కుడికి రోజూ ఒక పండు తెచ్చి ఇచ్చిన భిక్షువు, పండులో రత్నం పెట్టి మరీ ఇచ్చాడు, తీరా చూస్తే రాజుని బలి ఇవ్వడానికి. చందమామలో బేతాళ కథలు చదివిన ఇంట్లో ఎవరికైనా అది తెలుసు. బాలనాగమ్మ దగ్గరికి భిక్షకి వచ్చినవాడు ఆమెని కుక్కని చేసి ఎత్తుకుపోయాడు. 1942లో జెమినీ వాళ్ళ సినిమాలో వాడు మాయల మరాఠీ. జనం నోట్లో మాత్రం మాయల ఫకీరు అని కూడా స్థిరపడిపోయాడు. గడప దగ్గర జాగ్రత్త అని చెప్పే కథలివి. తప్పని అనను. ఆడపిల్లలున్న ఇంట్లో నేనూ అదే చెబుతాను.

నవ్వుతూ నవ్వుతూనే ఒక దగ్గర ఆగిపోయాను. మాయల ఫకీరు అని అరిచింది పక్కింటి పిల్లాడు కాదు, నా కొడుకు. మన ఇళ్ళలో ఫకీర్ అంటే ఎవరు? జుమ్మా రోజు గుమ్మం ముందు నిలబడి దువా ఇచ్చి వెళ్ళే బాబా. ఆయన చేతిలో నెమలీకల కట్ట, భుజాన జోలె, పచ్చ చాదర్. నా కొడుకే చిన్నప్పుడు ఆయన జోలెలో గుప్పెడు బియ్యం వేసేవాడు. వాడు ఆ రెండు ఫకీర్లనీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు. ఆ మాట వాడి నోటికి అంత సులువుగా రావడం నా గుండెలో ముల్లులా దిగింది.

అప్పుడు అమ్మాయికి, ఇంతవరకు ఇంట్లో సగమే చెప్పిన ఒక సంగతి పూర్తిగా చెప్పాను.

2018 వేసవి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో మెసేజులు తిరుగుతున్న రోజులు. మన దగ్గరా, తెలంగాణలోనూ కొత్త మనిషి కనిపిస్తే చుట్టుముట్టేవారు. మా చెల్లి పురిటికి ఉండి, దాని మూడేళ్ళ పెద్దబ్బాయిని కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకుందామని విశాఖ నుంచి పలాసకి రైల్లో తెస్తున్నాను. ఒంటరిగా ఉన్నాను. బురఖా, నఖాబ్. వాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాకా నిద్రపోయాడు, లేవగానే అమ్మ కావాలని ఏడుపు లంకించుకున్నాడు. నేను ఎంత ఊరుకోబెట్టినా "నువ్వు ఖాలా, నాకు అమ్మీ కావాలి" అని ఒకటే పోరు.

ఎదుటి సీటావిడ మొదట చూసింది. పక్కాయనకి ఏదో చెప్పింది. ఆయన లేచి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చాడు. "ఈ బాబు ఎవరు?" "మా చెల్లి కొడుకు." "మరి నిన్ను చూసి ఏడుస్తున్నాడేంటి?" దీనికి ఏం చెప్పను? మూడేళ్ళ పిల్లలు ఎందుకు ఏడుస్తారో ఆ పెట్టెలో అందరికీ తెలుసు. ఒక అబ్బాయి ఫోన్ పైకెత్తి వీడియో తియ్యడం మొదలెట్టాడు. "ముసుగు తియ్యమ్మా" అన్నారెవరో. తీశాను.

నఖాబ్ తీస్తే అయిపోతుందనుకున్నాను. అవలేదు. ముఖం చూశారు, కానీ ఆ ముఖం వాళ్ళకి తెలియనిదే కదా. గుడ్డ తీసినా నేను అజ్నబీనే. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఇంకో అడుగు దగ్గరికి వచ్చారు. నోట్లో తడి ఆరిపోయింది. ఆయతుల్ కుర్సీ మధ్యలో మర్చిపోయాను, నా జీవితంలో మొదటిసారి.

నౌపడలో ఒక ముసలమ్మ ఖాళీ చేపల బుట్టతో ఎక్కింది. అందర్నీ మోచేత్తో తోసుకుని వచ్చి, బుట్ట నా కాళ్ళ దగ్గర దించి, "ఏ ఊరమ్మా?" అంది.

"కాశీబుగ్గ."

"కాశీబుగ్గలో ఎక్కడేటి?"

"రైల్వే గేటు అవతల."

"కుట్టుమిషను సాయిబు ఇంటికాడా?"

"ఆయన మా మామగారే."

"ఓలమ్మా! మా పిల్ల పెళ్ళికి జాకెట్లన్నీ ఆయనే కుట్టినాడు" అని నా పక్కనే కూలబడింది. బుట్టలోంచి చిన్న మూట తీసి పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. చేపల వాసన వేస్తున్న బెల్లం. వాడు ఏడుపు ఆపాడు. "ఎల్లండి ఎల్లండి, మనూరు మనిషే" అని మిగతావాళ్ళని అదిలించింది. ఫోన్ దిగింది. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు. ఎదుటావిడ కాసేపయ్యాక కిటికీలోంచి చూస్తూనే నాకు నీళ్ళ సీసా ఇచ్చింది. తీసుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకే, జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో రాయిన్‌పాడా అనే ఊళ్ళో, భిక్షాటన చేసుకునే సంచార జాతి వాళ్ళు ఐదుగురిని ఇలాంటి అనుమానంతోనే జనం కొట్టి చంపేశారు. వాట్సాప్ వాళ్ళు అదే నెలలో మన దేశంలో ఒక మెసేజిని ఐదు చాట్‌లకి మించి ఒకేసారి ఫార్వర్డ్ చెయ్యకుండా హద్దు పెడుతున్నట్టు ప్రకటించారు. వాళ్ళకి చేపల బుట్ట ముసలమ్మ దొరకలేదు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం ముట్టలేదని అమ్మాయికి గుర్తుంది, ఎందుకో మాత్రం అప్పుడు చెప్పలేదు.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదే సంవత్సరం కదా అమ్మీ తిత్లీ" అంది.

అవును, అదే సంవత్సరం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో మీలో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి కరెంటు లేదు, రేకులు ఎగిరిపోతున్న చప్పుడు, అందరం వంటింటి పక్క గదిలో ముడుచుకుని కలిమా చదువుకుంటున్నాం. తలుపు దబదబా కొట్టారు. మా ఆయన లాంతరు పట్టుకుని వెళ్ళి, గడియ మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగారు. నేను చూశాను. ఆ ఆగడం నాకు తెలుసు, రైల్లో అందరి ముఖాల్లో చూసిందే. తీశారు. బయట ఒక మనిషి, యూరియా సంచి తల మీంచి కప్పుకుని, ముఖం లేదు, నీళ్ళు కారుతున్న సంచి మాత్రమే. "పిల్లలున్నారా? వెనక కొబ్బరిచెట్టు వాలిపోనాది, ముందు గదిలోకి వచ్చీండి" అని గాలిలో అరిచి పక్కింటికి వెళ్ళిపోయాడు. మేం ముందు గదిలోకి వచ్చాక ఎంతసేపైందో తెలియదు, చెట్టు వంటింటి మీద పడింది. మేం కూర్చున్న గది గోడ సగం దాకా పోయింది.

ఆయన ఎవరో ఈ రోజుకీ తెలియదు. వీధిలో అందర్నీ అడిగాం. సంచి కప్పుకున్న మనిషిని సంచితో తప్ప ఏం గుర్తుపడతాం? తర్వాత రోజుల్లో వేరే జిల్లాల నుంచి కరెంటు పనివాళ్ళు లారీల్లో దిగారు, స్తంభాలు నిలబెట్టడానికి. ఎవరి యాసో మాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. మా వీధి వీధంతా వాళ్ళకి వండింది. వేసవిలో కొత్త ముఖం కనిపిస్తే ఫోను తీసిన ఊరే, అక్టోబరులో కొత్త ముఖం కనిపిస్తే పళ్ళెం తెచ్చింది. మనుషులు మారలేదు. ఆకలిగా ఉన్నారని కంటికి కనబడింది, అంతే.

ఇక్కడే నేను అమ్మాయికి ఇబ్రాహీం అలైహిస్సలాం మెహమాన్ల ఖిస్సా గుర్తు చేశాను. సూరహ్ హూద్‌లో ఉంది, జారియాత్‌లోనూ ఉంది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు వచ్చారు. సలాం అన్నారు, ఆయన సలాం చెప్పారు. లేచి వెళ్ళి కాల్చిన దూడ మాంసం తెచ్చి ముందు పెట్టారు. వాళ్ళు చెయ్యి చాపలేదు. అప్పుడు ఆయనకి భయం వేసింది. చూశారా, పైగంబర్‌కి కూడా భయం వేసింది. భయపడొద్దని వాళ్ళు చెప్పారు. వాళ్ళు ఫరిష్తాలు. నాకు ఇందులో నచ్చేది ఆ వరస. సలాం ముందు, దస్తర్‌ఖాన్ తర్వాత, షక్ ఆ తర్వాత. మన పిల్లలు చీటీ ముందు తీశారు.

ఇంకో మాట కూడా అన్నాను, కొంచెం జంకుతూనే, ఎందుకంటే ఆటల మధ్యలోకి తేవలసిన నామం కాదు. హిరా గుహలో మొదటి వహీ వచ్చాక మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వణుకుతూ ఇంటికి వచ్చి, కప్పమని అడిగారు. బీబీ ఖదీజా రజియల్లాహు అన్హా కప్పారు. ఖురాన్‌లో రెండు సూరాలకి ముజమ్మిల్, ముద్దస్సిర్ అని పేర్లు, రెండూ చాదర్ కప్పుకున్నవారు అనే పిలుపు మీదే. నాత్‌లలో కమ్లీవాలే అని మనం ముద్దుగా పిలుచుకునేదీ అందుకే. కప్పుకున్న మనిషిని చూస్తే లోపల ఏదో దాచాడనే అనుకుంటాం. లోపల వణుకుతున్నారేమో అని బీబీ ఖదీజా అనుకున్నారు. రైల్లో ఆ నల్లగుడ్డ లోపల నేను వణుకుతూనే ఉన్నాను.

అమ్మాయి మళ్ళీ రాసుకుంది. ఈసారి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. ముసుగు మనిషిని రహస్యంగా పెడితే పిల్లలకి అనుమానమే తప్ప ఇంకేం మిగలదని దానికి అర్థమైంది. ఎందుకు కప్పుకున్నాడో కంటికి కనబడాలి, వాడికి ఏదో ఒకటి కావాలి, అది వీళ్ళు ఇవ్వగలిగేది అయ్యుండాలి. "అన్నీ ముందే చెప్పేస్తే మజా ఏముంది?" అన్నాను. "పేరు చెప్పను అమ్మీ, పాదాలు చూపిస్తాను" అంది. నాకంటే తెలివైనది.

ఆదివారం అస్ర్ తర్వాత మళ్ళీ కూర్చున్నారు. తుఫాను రాత్రి, ఒక పాత జీడిపప్పు ఫ్యాక్టరీ, వీళ్ళు లోపల తలదాచుకున్నారు. తలుపు చప్పుడు. టార్పాలిన్ కప్పుకున్న మనిషి. ముఖం కనబడదు. చెప్పుల్లేవు, అరికాలు తెగి నెత్తురు కారుతోంది. "ఏం చేస్తారు?"

నేను వంటింట్లో పకోడీల పిండి కలుపుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

మా చిన్నోడు నోరు తెరిచాడు, వాళ్ళ అక్క చూపు చూసి మూశాడు. పక్కింటి కుర్రాడు "కత్తి తీసి పట్టుకుంటాను, కొట్టను" అన్నాడు. సరే, అదీ న్యాయమే. వాళ్ళ చెల్లి పదకొండేళ్ళది, ఆటలో వైద్యురాలు, అంతవరకు ఒక్క మాట మాట్లాడనిది, "తిన్నావేటి?" అంది. ఆ టార్పాలిన్ మనిషిని అడిగింది.

మా అమ్మాయి వెంటనే జవాబివ్వలేదు. గొంతు సవరించుకుంది. "తినలేదు, నిన్నటి నుంచి" అంది ముసుగు మనిషి గొంతుతో. ఆడగొంతు. ఏటి అవతల ఆవిడ పిల్లలు తుఫాను షెల్టర్‌లో చిక్కుకున్నారు, వంతెన కొట్టుకుపోయింది, దారి తెలిసినది ఆవిడొక్కతే, దాటించే బలం ఆవిడకి లేదు. "ముసుగు తియ్" అన్నాడు పక్కింటి కుర్రాడు. "వాన తగ్గనీ నాయనా" అంది ఆవిడ. వాడు కాస్త ఆలోచించి ఊరుకున్నాడు. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా నడిచింది ఆట. వంతెన దగ్గర మా చిన్నోడికి రెండు వచ్చింది, నీళ్ళలో పడ్డాడు, వాణ్ణి ఆ టార్పాలిన్‌నే తాడులా విసిరి లాగారు. అలా పోయింది ముసుగు. అందరూ అరుపులు. నా పకోడీలు రెండు వాయిలు మాడాయి.

మర్నాడు పొద్దున్న నేను కూరగాయలకని బురఖా వేసుకుని గుమ్మం దిగుతుంటే పక్కింటి కుర్రాడు సైకిల్ తుడుచుకుంటున్నాడు. వాడు పుట్టినప్పటి నుంచి నన్ను ఇలాగే చూస్తున్నాడు. ఎప్పుడూ ఏమీ అడగలేదు.

"ఆంటీ, దాంట్లో ఉక్కపొయ్యదా?"

"పోస్తుంది నాన్నా. మే నెలలో కాశీబుగ్గలో ఎవరికి పొయ్యదు?"

"మరి లోపల ఏటుంటాది?"

"జేబుంటుంది" అని చూపించాను. తాళంచెవులు, సంచి, కూరగాయల చీటీ, యాభై నోటు. ఇంకా అడుగున ఎప్పటివో రెండు జీడిపప్పు బద్దలు. వాడికొకటి ఇచ్చాను.